చాందీ ఒప్పుకున్న దాణా

హైదరాబాద్ కార్వాన్‌లో శారదమ్మ పాలవ్యాపారమంతా చాందీ అనే బర్రె మీద నడిచేది. నుదుట తెల్లమచ్చ ఉన్న ఆ బర్రెకు ఆ సంగతి తెలిసినట్టే ఉండేది. మిగతా బర్రెలు దానికి దారి ఇచ్చేవి. శారదమ్మ తమ్ముడు అంజన్ అదే ఇంట్లో ఉంటూ ఒక సర్కారీ ఫ్యాక్టరీలో కంప్యూటర్ సెక్షన్‌లో పనిచేసేవాడు. డెబ్బై ఎనిమిదిలో ఆ మాట చెబితే గల్లీలో చాలామంది రేడియో రిపేరు అనుకునేవారు.

ఆ ఎండాకాలం దాణా ధరలు మండిపోయాయి. పాలక్యాన్లు కడుగుతూ శారదమ్మ అడిగింది.

"నీ మిషిన్ మస్తు తెలివైందంటవు గదా తమ్మీ. బర్రెలకు తక్కువ ఖర్చుల ఏం పెట్టాల్నో చెప్తదా?"

అంజన్ ముఖం వెలిగిపోయింది. సరిగ్గా అలాంటి లెక్కే ఆఫీసులో నేర్పారు. లీనియర్ ప్రోగ్రామింగ్ అంటారు. ప్రొటీన్లు ఇంతకు తగ్గకూడదు, శక్తి ఇంతకు తగ్గకూడదు, మొత్తం బరువు ఇంతకు మించకూడదు అని షరతులు పెడితే, వాటికి లోబడిన మిశ్రమాలన్నిటిలోకీ చవకైనదాన్ని అది వెతికి ఇస్తుంది. పశువుల దవాఖానకు వెళ్లి ఏ దాణాలో ఏముంటుందో కనుక్కున్నాడు. బజారులో ధరలు అడిగి వచ్చాడు. తర్వాత పై అధికారి వెంకటనారాయణ ముందు నిలబడ్డాడు.

"బర్రె కోసమా?" అన్నాడాయన కళ్లద్దాలు తీసి.

"అవ్ సార్. మిషిన్ ఖాళీగున్నప్పుడే."

ఆయన నవ్వు ఆపుకుంటూ, "సరే, రన్ చెయ్యి. ఆన్సరేందో నాకూ చెప్పు" అన్నాడు.

లెక్క ఎక్కించిన పంచ్ కార్డులు మిషిన్ లోపలికి వెళ్లాయి, జవాబు కాగితం బయటికి వచ్చింది. తవుడు, పల్లిచెక్క. పత్తిగింజలకూ కందిపొట్టుకూ సున్నా. ఖర్చు బాగా తగ్గింది. అంజన్ ఆ సాయంత్రమే కలిపి తొట్టిలో పోశాడు.

చాందీ వాసన చూసింది. ఫూ అని ఊదింది. తవుడంతా లేచి అంజన్ తెల్లచొక్కా మీద పడింది. అది మొహం తిప్పుకుని గోడ వైపు నిలబడింది. శారదమ్మ నవ్వు ఆపుకోలేక కింద కూలబడింది.

"లెక్క తప్పింది తమ్మీ."

"లెక్క తప్పలేదక్కా. నేనడిగిందే తప్పు. చవకగుండాలన్న, బలముండాలన్న. తినబుద్ధి కావాలని చెప్పలే."

"మరి గది గూడ చెప్పు."

"ఏది ఎంతుంటే తింటదో నాకేమెరుక? నీకెరుకనా?"

శారదమ్మ ఆలోచించింది. "నేను చేతికొచ్చినంత కలుపుత. ఎన్నడు తూచిన?"

ఇద్దరూ చాందీ వైపు చూశారు. ఇక దాన్నే అడగాలి.

మర్నాడు వాకిట్లో తట్టలు వరసగా పెట్టారు. ఒక్కో తట్టకూ తవుడు కాస్త తగ్గిస్తూ, పత్తిగింజలు కాస్త పెంచుతూ వెళ్లారు. పక్కింటి పాలమొగులయ్య గోడ మీద మోచేతులాన్చి, "ఆఖరి తట్టే భాయ్, చాయ్ పందెం" అన్నాడు. చాందీ మొదటిదాన్ని దాటేసింది, రెండోదాన్ని నాకి వదిలేసింది, నడుమ తట్ట దగ్గర ఆగి అడుగు కనిపించేదాకా తలెత్తలేదు. మొగులయ్య చాయ్ బాకీ పడ్డాడు. పత్తిగింజలు ఇంతకు తగ్గకూడదు, తవుడు ఇంతకు మించకూడదు అని అంజన్ లెక్కకు కొత్త షరతులు చేర్చాడు.

ఈసారి జవాబు మొదటిదానికన్నా కొంచెం ఖరీదైంది, కానీ పాత దాణాకన్నా ఎంతో చవక. చాందీ తొట్టిని నాకి మెరిపించింది.

ఆదివారం వెంకటనారాయణ స్కూటర్ మీద చాందీని చూడడానికే వచ్చాడు. అప్పటికి మొగులయ్య తన బర్రెను వాకిట్లో కట్టేసి ఉన్నాడు.

"సార్, ఇది పల్లిచెక్క ముట్టది. దీనికో లెక్క గావాలె."

"అయితే షరతులు వేరే" అన్నాడాయన, చొక్కా చేతులు పైకి మడుస్తూ. "అంజన్, తట్టలు పెట్టు."

కాసేపటికి శారదమ్మ చిక్కటి చాయ్ తెచ్చింది. ఆయన మోచేతులదాకా తవుడే. కప్పు పట్టుకునే వీలులేక, అంజన్ సాసర్‌లో పోసి అందిస్తే వంగి జుర్రుకుని తాగాడు. తాగుతూనే, "ఇంకొంచెం కందిపొట్టు వెయ్యవయ్యా, బర్రె ఇటే చూస్తోంది" అన్నాడు.