వాపు దిగిన కాలు

బాలింతల కాళ్లు పట్టడంలో లక్ష్మణమ్మను మించినవాళ్లు శ్రీకూర్మం అవతలి చేపల పల్లెల్లో లేరు. ఇరవై ఏళ్లుగా ఎవరింట్లో కాన్పయినా సొరచేప నూనె సీసా పట్టుకుని ఆమే వెళ్లాలి. అలాంటిది సొంత కూతురు అరుణశ్రీ తొలి కాన్పుకి పుట్టింటికొస్తే ఊరుకుంటుందా? ఆసుపత్రి నుంచి తెచ్చింది మొదలు కూతుర్ని మంచం దిగనివ్వలేదు. పురుడు తీరేదాకా ఆ గది గడప తొక్కొద్దని అల్లుడు గంగులుకి చెప్పేసింది.

కాన్పయిన ఏడో రోజున అరుణశ్రీ ఎడమ పిక్క వాచి గట్టిపడింది. చెడు నీరు చేరిందనుకుంది లక్ష్మణమ్మ. మూడు రోజులు పూటపూటా, కూతురు పళ్లు బిగించి ఓర్చుకుంటుంటే, మడమ నుంచి పైకి బలంకొద్దీ తోమింది. పదో రోజు పొద్దున చూస్తే వాపు దిగిపోయింది. ఆ సంతోషంలో కూతుర్ని లేపి కూర్చోబెట్టిందో లేదో, అరుణశ్రీ గుండె పట్టుకుని, ఊపిరందక పక్కకి ఒరిగిపోయింది.

శ్రీకాకుళం ఆసుపత్రికి తెచ్చి ఆక్సిజన్ పెట్టినా పెదాల నలుపు పోలేదు. ఎక్స్‌రేలో ఏమీ తేలలేదు. కాన్పు తరవాత గుండె బలహీనపడిందేమోనని, విశాఖపట్నం పంపడానికి అంబులెన్సు సిద్ధం చేయిస్తున్నారు. డాక్టర్ బిందు మాత్రం రెండు కాళ్లూ నొక్కి చూసి, ఈమధ్య ఏ కాలైనా వాచిందా అని అడిగింది.

లేదని చెప్పేసింది లక్ష్మణమ్మ.

ఆ అబద్ధం నోరు జారి వచ్చింది కాదు. పక్కనే అల్లుడున్నాడు. సంగతి పల్లెకి చేరిందంటే రేపు ఏ ఇంటివాళ్లూ తమ బాలింతను ఆమె చేతికివ్వరు. అన్నిటికంటే పెద్ద భయం ఇంకోటుంది. జరిగిందేదో తన చేతుల కిందే జరిగిందని పొద్దున్నే ఆమెకి తట్టింది. ఆ మాట పైకి అనడానికి ధైర్యం చాల్లేదు.

స్ట్రెచర్ కదిలింది. అరుణశ్రీ కళ్లు తేలేసింది. లక్ష్మణమ్మ పరుగున వెళ్లి డాక్టరు చెయ్యి పట్టుకుంది.

"వాసినాదమ్మా, ఎడం కాలు. మూడ్రోజులు నానే తోమినాను. ఈ పొద్దున్నే దిగిపోనాది."

గంగులు అత్తవైపు చూశాడు. ఆమెకి ఎడంగా జరిగి స్ట్రెచర్ పట్టుకున్నాడు. తిట్టినా బాగుండేది.

కాలి నరంలో గడ్డకట్టిన రక్తం ఊపిరితిత్తుల్లోకి కొట్టుకుపోయి ఉంటుందని, సీటీ తీస్తేగాని తేలదని చెప్పి, బిందు స్ట్రెచర్‌ని స్కానింగ్ గదికి తిప్పించింది. రక్తనాళాలు తెల్లగా కనబడడానికి చేతి నరంలోంచి మందు ఎక్కిస్తూ, కాసేపు ఊపిరి బిగబట్టమన్నారు. ఊపిరే ఆడని పిల్ల ఏం బిగబడుతుంది? అయినా బొమ్మ వచ్చింది. తెరమీద రక్తనాళాలు తెల్లటి కొమ్మల్లా ఉన్నాయి. రెండు పెద్ద కొమ్మల్లో తెలుపు మధ్యలోనే ఆగిపోయి, నల్లటి ముద్దలు కనబడుతున్నాయి. గడ్డలు అవేనని బిందు వేలు పెట్టి చూపించింది.

గడ్డ కరిగే మందు మొదలుపెట్టారు. పచ్చి బాలింత, రక్తం పోయే ప్రమాదముందని గంగులు చేత సంతకం పెట్టించుకున్నారు. రేపటిదాకా ఏమీ చెప్పలేమన్నారు. కాలికీ స్కాన్ చేసి, తొడ నరంలో ఇంకో గడ్డ మిగిలే ఉందని చూశారు. ఎవరూ ఆ కాలు నొక్కకూడదని, అది కదిలితే మనిషి దక్కదని బిందు చెప్పింది. ఆ మాట గంగులుకే చెప్పింది గాని లక్ష్మణమ్మ చేతులవైపు చూడలేదు.

సాయంత్రం తల్లిని ఒక్క నిమిషం లోపలికి పంపారు. అరుణశ్రీ కళ్లు తెరిచింది. రొప్పుతూ, ఒక్కో మాటా కూడబలుక్కుంది.

"అమ్మా, కాలు లాగతన్నాది. కాసేపు పట్టే. నీ సెయ్యి పడితే తగ్గిపోద్ది."

లక్ష్మణమ్మ రెండు చేతులూ చంకల్లో బిగించుకుంది.

"ఒద్దే తల్లీ. నా సెయ్యి ఒద్దు."

పిల్ల మళ్లీ అడిగింది. లక్ష్మణమ్మ గోడదాకా వెనక్కి నడిచి, అక్కడే నిలబడిపోయింది.