ఉమామా చెప్పిన మాట

దమస్కు పడిపోయిందన్న కబురు వెనకే, ఒరొంటిస్ నది ఒడ్డున ఉన్న మా ఊరి కోట ముందు అరబ్బుల గుడారాలు లేచాయి. రోము సైన్యం అప్పటికే ఉత్తరానికి పారిపోయింది. గాయాలతో నడవలేని ముగ్గురు సిపాయిలను మాత్రం చర్చి నేలమాళిగలో వదిలేసింది.

బయటివాళ్ల భాష ఊళ్లో ఉమామా ఒక్కతెకే వచ్చు. కుమ్మరి జకాయ్ ఆమెను ఎడారి అంచున ఉండే క్రైస్తవ అరబ్బుల ఇంటి నుంచి పెళ్లి చేసుకుని తెచ్చాడు. ఇన్నేళ్లూ ‘గుడారాల పిల్ల’ అని ఎగతాళి చేసిన ఆడవాళ్లే ఆ పొద్దున ఆమె వాకిట్లో చేరారు.

“నువ్వే వెళ్లి మాట్లాడాలే తల్లీ. వాళ్లు నీవాళ్లేగా,” అంది అత్తగారు.

“అక్కడ నావాళ్లెవరూ లేరత్తా. నాకూ మీలాగే భయమేస్తోంది.”

అయినా వెళ్లింది, ముసలి పాదిరి బర్‌సౌమాతో కలిసి. వెనకే కోట తలుపు మూసుకుంది.

అరబ్బుల నాయకుడు హర్మలా షరతులు చెప్పాడు. తలుపులు తీసి, ఏటా పన్ను కడితే ప్రాణాలకూ చర్చికీ ఢోకా లేదు. ఆపైన అడిగాడు: “లోపల రోము సిపాయిలున్నారా? అబద్ధమని తేలితే ఒప్పందం చెల్లదు.”

ఉమామా ఆ మాట పాదిరికి తమ ఊరి భాషలో చెప్పింది.

“లేరని చెప్పు.”

“వెతుకుతారు అయ్యగారూ.”

“ఉన్నారంటే ఆ కుర్రాళ్ల పీకలు కోస్తారు. లేరని చెప్పు, అమ్మాయ్.”

లేరంటే ఊరు పోతుంది. ఉన్నారంటే ఆ ముగ్గురూ పోతారు.

“ముగ్గురున్నారు,” అంది హర్మలాతో. “కత్తి పట్టలేరు. వాళ్ల ప్రాణాలు కూడా ఒప్పందంలో చేరిస్తేనే తలుపు తీస్తామంటున్నారు మా అయ్యగారు.”

ముగ్గురు అన్న మాట రెండు భాషల్లోనూ దాదాపు ఒకటే. పాదిరి మొహం పాలిపోయింది. హర్మలా ఆయన్నే చూస్తూ, “ఈయన నిజంగా అలా అన్నాడా? మరి ఎందుకు వణుకుతున్నాడు?” అన్నాడు.

“మీ ముందు వణక్కుండా ఎవరు నిలబడతారు?”

హర్మలా పాదిరిని ఎగాదిగా చూశాడు. చివరికి, “ఆయుధాలు మాకిచ్చి, బండెక్కి పొమ్మను. మళ్లీ ఇటు కనబడితే నా పూచీ లేదు,” అన్నాడు.

తిరుగుదారిలో, జరిగిన బేరమంతా ఆమె నోట విని పాదిరి అడిగాడు: “అతను కాదని ఉంటేనో?”

“నన్నడక్కండి అయ్యగారూ,” అంటూ ఉమామా కోట తలుపు వైపు నడక వేగం పెంచింది.

మధ్యాహ్నానికి తలుపులు తెరిచారు. బండెక్కుతూ ఒక సిపాయి ఆమె చెయ్యి పట్టుకున్నాడు. “దారిలో చంపరు కదక్కా?” ఆమె ఆ చెయ్యి విడిపించుకోకుండా బండి వెంట కోట తలుపు దాకా నడిచింది.

చాలా రోజులకు ఉత్తరాన ఉన్న అంతియొకయ పట్నం నుంచి వచ్చిన నూనె వర్తకుడు కబురు తెచ్చాడు. ఒకడు గాయం ముదిరి దారిలోనే పోయాడట. మిగతా ఇద్దరూ క్షేమంగా చేరారట.

ఆ తర్వాత ఊళ్లో ఎవరూ ఉమామాను గుడారాల పిల్ల అనలేదు. కానీ వీధిలో అరబ్బుల గుర్రపు డెక్కలు వినబడితే చాలు, ఇరుగుపొరుగు గోడ మీంచి తలలు పెట్టి “ఏమంటున్నారే?” అని అడిగేవాళ్లు. ఆమె మాత్రం గడియ బిగించి, తలుపుకు చెవి ఆనించి వినేది.