చదువయ్యాకే మేత

ముత్యాలప్ప చేతిలో మొదట ఉన్నది నలభై రూపాయలు. దాంతో పట్టుపురుగుల గుడ్లు తెచ్చాడు. వెదురు తట్టలు తానే అల్లుకున్నాడు. బేరిగైలో చిన్న మల్బరీ తోట, ఇంట్లో ఒక పొడుగాటి గది, కళ్లకు పొర కమ్మిన అవ్వ కెంపమ్మ. అంతే అతని పెట్టుబడి. ఈ పంట నిలిస్తే పక్కనున్న నంజప్ప తోట కూడా గుత్తకు తీసుకోవచ్చు. పోతే బెంగుళూరు రోడ్డు మీది జూజువాడిలో లారీ క్లీనరుగా చేరిపోవడమే.

తెల్లారగానే కెంపమ్మ తట్టల మధ్య చాప పరుచుకుని కూర్చునేది. ముత్యాలప్ప బైబిలు తెరిచి, నిన్న ఆపిన చోటినుంచి ఒక అధ్యాయం చదివేవాడు. చదువుతున్నంతసేపూ పురుగులన్నీ తలలెత్తి కదలకుండా ఉండేవి. ‘ఆమెన్’ అనగానే తలలు దించి ఆకు పట్టేవి. ఇక గదంతా పెంకుల మీద వాన కురిసిన చప్పుడు. కెంపమ్మ వయసులో ఉండగా పెంచిన పురుగులూ ఇంతే. ఆకు కోసుకొచ్చే గుర్రప్ప గుమ్మంలో గంప దించి, ఎసరు మరిగిందా అన్నట్టు అడిగేవాడు: “చదువైందా, వేసేదా?”

ముత్యాలప్ప నోరు చదివేది. మనసు మాత్రం తట్టకెన్ని పట్టుగూళ్లు, గూళ్లకెంత తూకం అని లెక్కలు వేసేది.

పురుగులు నాలుగోసారి పొర విడిచి వేలంత లావయ్యాయి. అప్పుడే అతనికి కొత్త బేరం తగిలింది: పొద్దు పొడవకముందే జూజువాడి చేరి, బెంగుళూరు లారీలకు కొత్తిమీర ఎక్కించాలి. ఆదివారం ప్రార్థన నుంచి రాగానే కూర్చుని, వారానికి సరిపడా అధ్యాయాలు గుక్క తిప్పుకోకుండా చదివేశాడు.

“అవ్వా, వారం చదువు ఒక్కపూటకే ముగిసిపోయె! ఇంక పొద్దున్నే నేను ఫ్రీ!”

“అట్లనే వారం ముద్దలు గూడా ఇప్పుడే తినిపోరా. ఆడ హోటలు ఖర్చు మిగులుతుంది” అంది కెంపమ్మ.

అతను నవ్వి, మర్నాడు చీకటితోనే సైకిలెక్కాడు.

మధ్యాహ్నం ఇంటికొచ్చేసరికి వాన చప్పుడు లేదు. వేసిన ఆకు వేసినట్టే వాడిపోయి ఉంది.

గుర్రప్ప తల గోక్కున్నాడు. “జ్వరమేమోప్పా.” పొర విడిచే ముందు పురుగులు మేత మానేస్తే జ్వరమంటారు.

“నాలుగు జ్వరాలూ దాటినాయి మామా. ఐదోది యాడుంది?”

తట్టలు గాలికి మార్చాడు. లేతాకు తెచ్చి సన్నగా తరిగి వేశాడు. ఒక్కటీ ముట్టలేదు. మర్నాడు తెల్లవారుజాముకే పురుగుల ఒళ్లు ముడుచుకుపోయింది. ఇంకొక్క పూట పస్తుంటే తట్టలు దిబ్బలో కుమ్మరించుకోవాల్సిందే. జూజువాడికి కొత్తిమీర తోలే బండివాడు రోడ్డు మీదనుంచి అతన్ని రమ్మని కేకేస్తున్నాడు.

“ఆదివారం చదివింది వీటికి చాల్లేదా అవ్వా?”

“నీకు చాలిందా? ఏం చదివినావో చెప్పు.”

ముత్యాలప్ప బైబిలు తీసి ఆదివారం తిప్పిన పేజీలు వెదికాడు. ఒక్కటీ చదివినట్టు గుర్తులేదు.

“వారం ఆకు ఒక్కసారే కుప్పపోస్తే పైది ఎండుతుంది, అడుగుది కుళ్లుతుంది. పురుగులు సాకేవాడివి, నీకు నేను చెప్పల్లా?”

“నువ్వు పోప్పా, నేను రాను!” అని వీధిలోకి అరిచి, చాప మీద కూలబడ్డాడు. చదవడం మొదలుపెట్టాడు, ఈసారి నిదానంగా. ఎడారిలో ఆకలిగొన్న జనం. తెల్లారితే నేలంతా పరుచుకుని ఉండే, మన్నా అనే దేవుడిచ్చిన తిండి. ఏ రోజుది ఆ రోజే ఏరుకొమ్మన్నా వినకుండా కొందరు మర్నాటికి దాచుకున్నారు. దానికి పురుగు పట్టింది, కంపు కొట్టింది.

అతను ఆగిపోయాడు. ఆదివారం ఈ పేజీ మీదుగానే పరుగెత్తాడు!

“అవ్వా, దాచిపెట్టినోడు నాలాంటోడే!” అని పకపకా నవ్వాడు. కెంపమ్మా నవ్వింది. తట్టల్లో తలలు ఒక్కొక్కటే లేస్తున్నాయి. ‘ఆమెన్’ అన్నాడో లేదో, వాన! గుర్రప్ప గంప ఎత్తుకుని తోటకు పరుగు తీశాడు.

ఆ తర్వాత ముత్యాలప్పకు తెల్లారడమే ఆలస్యం. అధ్యాయం ముగిసినా పేజీ మూయబుద్ధయ్యేది కాదు. “ఆ పైన ఏమవుతుందవ్వా?” అంటే, “రేపటిది రేపు” అనేది కెంపమ్మ. లారీ బేరాన్ని సాయంత్రానికి మార్చుకున్నాడు. లెక్కలు అప్పుడూ వేసేవాడు, కాకపోతే ‘ఆమెన్’ తర్వాత.

పురుగులు గూడు కట్టే అదనుకు పండి పచ్చబడ్డాయి. చంద్రికలనే వెదురు చాపల మీదికి ఎక్కించగానే గూళ్లు అల్లుకున్నాయి. గట్టి గూళ్లు! నంజప్ప తానే వచ్చి తోట మాట ఎత్తాడు, మాట్లాడుకుందాం రమ్మన్నాడు.

గూడు అల్లే పురుగుకు మేత అక్కర్లేదు. మర్నాటి పొద్దున గది నిశ్శబ్దంగా ఉంది. ఇక పురుగుల కోసం చదవనక్కర్లేదు. నంజప్ప ఇంటికి త్వరగా పోవాలని ముత్యాలప్ప కంచం ముందు కూర్చున్నాడు. రాగిముద్ద తుంచి, ఉలవచారులో ముంచి నోట పెట్టుకున్నాడు.

అది గొంతు దిగలేదు. జ్వరం లేదు, నొప్పి లేదు. ఆకలి మాత్రం దంచేస్తోంది. నీళ్లు తాగి ఇంకో ముద్ద పెట్టుకున్నాడు. అదీ అంతే.

గుర్రప్ప గుమ్మంలోనుంచి కంచం వంక చూసి, “చదువైందాప్పా?” అన్నాడు.

“లేదు మామా.”

“మరెట్ల దిగుతుంది?”

కెంపమ్మ చాప మీద పక్కకు జరిగి చోటిచ్చింది. ముత్యాలప్ప చెయ్యి కడుక్కుని, బైబిలు తెచ్చి ఆమె పక్కన కూర్చున్నాడు. నిన్న ఆపిన పేజీలో వేలు పెట్టి, గొంతు సవరించుకున్నాడు.