శేరాలి కాదన్న రోజు

శేరాలి నోట కాదు అనే మాట రాదు. వాళ్ళమ్మ పెంపకం అలాంటిది. గుమ్మంలోకి వచ్చినవాళ్ళకి లేదనకూడదు, పెద్దలకి ఎదురాడకూడదు, వియ్యాలవారికైతే అడగకముందే సరేననాలి.

చిక్కేమిటంటే, నరీన్ కొండల వైపు వాళ్ళ చిన్న ఊళ్ళో పని లేనివాళ్ళకి పని చూపించే ఆఫీసులో కూర్చున్నది సాక్షాత్తూ అతని వియ్యపురాలు సుయుమ్‌కాన్. శేరాలి కూతురు మేరిమ్ ఆవిడ ఇంటికి కోడలుగా వెళ్ళి ఏడాది కూడా కాలేదు. ఆ పెళ్ళి సందడి తగ్గకముందే శేరాలి పనిచేసే చీజు ఫ్యాక్టరీ చలికాలం పాలు లేక మూతపడింది.

"ఆవులు ఈనాక మళ్ళీ తెరుస్తాం. నీ చోటు నీదే. ఈలోగా ఇంకెక్కడా కుదురుకోకు" అన్నాడు మేస్త్రీ.

నేలమాళిగలో చీజు దిమ్మల్ని వేలి కణుపుతో తట్టి, చప్పుడు విని, ఏది పండిందో చెప్పేవాడు శేరాలి. ఆ చల్లదనం, ఆ పులిసిన పాల వాసన లేకపోయేసరికి అతనికి ముఖం మీద ముక్కెందుకుందో తెలియకుండా పోయింది. వసంతం దాకా నిరుద్యోగ భృతితో నెట్టుకురావాలి. అదీ అతనికి సిగ్గే. ఊరికే వచ్చే సొమ్మని తల దించుకుని తీసుకునేవాడు.

"అన్నయ్యగారూ, డోలోన్ కనుమ అవతల బొగ్గు యార్డులో కాపలా పని ఉంది. కుదురుతుందా?" అంది సుయుమ్‌కాన్ ఒకరోజు.

మంచు పడితే ఆ కనుమ మీద బస్సు నడవదని ఊళ్ళో కుక్కలకి కూడా తెలుసు.

"అలాగే చెల్లెమ్మగారూ" అన్నాడు శేరాలి. తెల్లటి ఉన్ని టోపీ సర్దుకుని ఇంటికొచ్చాడు. పనికి వెళ్ళలేదు.

తర్వాత పిండిమిల్లులో మూటలు దించే పని చెప్పింది. పాల క్యాన్లు మోసి మోసి శేరాలి నడుము ఎప్పుడో మొరాయించింది. వంగి బూటు తొడుక్కోవాలన్నా గోడ సాయం కావాలి.

"అలాగే చెల్లెమ్మగారూ."

సుయుమ్‌కాన్ కళ్ళద్దాలు తీసి పక్కన పెట్టింది. "సోమవారం చేరాలి. మొన్న అలాగే అని మీరు వెళ్ళలేదు. కారణం చెప్పకుండా మానేసినట్టే లెక్క. ఇంకోసారి అదే అయితే పేరు కొట్టేస్తారు, భృతి ఆగిపోతుంది. కుదరకపోతే కుదరదనండి, ఎందుకో చెప్పండి. మీరు చెప్పని మాట నేను రాయకూడదు. అందులోనూ వియ్యాలవారం, అందరి కళ్ళూ మన మీదే."

"అలాగే" అన్నాడు శేరాలి.

ఇంట్లో అతని భార్య బుర్మాకాన్ నెత్తి కొట్టుకుంది. "నడుము నొప్పని ఒక్క ముక్క చెప్పలేకపోయావా?"

"పిల్ల వాళ్ళింట్లో ఉంది. నేను కాదన్నానని రేపు దాన్నేమైనా అంటే?"

"అయితే వెళ్ళి మూటలు మొయ్యి. వసంతానికి నిన్ను మూటగట్టి నేను మోస్తాను. చీజు దిమ్మలు ఇంకెవడో తడతాడు."

ఆ చివరి మాట శేరాలికి ముల్లులా గుచ్చుకుంది. మొయ్యడానికి నడుం లేదు, మానడానికి నోరు లేదు.

ఆదివారం మధ్యాహ్నం సుయుమ్‌కాన్ ఇద్దర్నీ భోజనానికి పిలిచింది. మందపాటి పరుపుల మీద పెద్ద చోటిచ్చి కూర్చోబెట్టింది. మేరిమ్ వేడి వేడి బెష్‌బర్మాక్ పళ్ళెం తెచ్చింది. సన్నటి పిండి తీగల మీద గొర్రె మాంసం పొగలు కక్కుతోంది. కూతురి ముఖం నిండుగా, నవ్వుతూ ఉంది. శేరాలి అది గమనించాడు.

"ఇంకొంచెం వేసుకోండి అన్నయ్యగారూ."

"అలాగే."

"ఈ కొవ్వు ముక్క మీకోసమే ఉంచాను."

"అలాగే."

పళ్ళెం ఖాళీ అవడం, నిండడం. శేరాలి నుదుట చెమట పట్టింది. బుర్మాకాన్ ఎందుకో కిసుక్కుమంటోంది. చివరికి ఊపిరాడక, బయట కట్టేసిన గుర్రాన్ని చూసొస్తానని గొణుగుతూ లేవబోయాడు. అతనితోపాటు పరుపూ లేచింది.

ఇల్లంతా గొల్లుమంది. వియ్యంకుడి కోటుని పరుపుకి కుట్టెయ్యడం పాత వేళాకోళమే. అతను తింటుండగా వెనక చేరి సూది ఆడించింది ఎవరో కాదు, సొంత కూతురు!

"జరిమానా కట్టందే దారం తెంపేది లేదు" అంది సుయుమ్‌కాన్, కత్తెర చూపిస్తూ. "ఇంకో పళ్ళెం వడ్డించనా?"

శేరాలి ఆ పళ్ళెం వైపు చూశాడు, కత్తెర వైపు చూశాడు. "అలా..." అనబోయాడు. లోపల మాంసం గొంతు దాకా వచ్చి అడ్డం పడింది.

"వద్దు!"

"ఎందుకని?"

"పొట్టలో చోటు లేదు తల్లీ!"

"చూశారా" అంది సుయుమ్‌కాన్. "కాదన్నారు, కారణం చెప్పారు. పైకప్పు కూలిందా? మీ పిల్లని నేనేమైనా అన్నానా? అన్నయ్యగారూ, మీ జీతంలోంచి నెలనెలా తీసి పక్కన పెట్టిందే ఆ భృతి. వేసవిలో ఎండబెట్టిన కురుత్ పెరుగు ఉండలు చలికాలంలో కొరుక్కుంటే అది దానమా? ఇంకో మాట. మీరు అలాగే అని వెళ్ళకపోతే ఆ పని ఇంకొకరికి ఇవ్వలేక నా చేతులు కట్టేసినట్టుంటుంది. కండలున్న ఒమూర్జాక్ ఆ మిల్లు పని కోసం రోజూ నా ప్రాణం తీస్తున్నాడు."

ఆ సంగతి శేరాలికి తట్టనే లేదు. పరుపుతో సహా మెల్లగా కూర్చున్నాడు. అప్పుడు దారం తెంపారు.

సోమవారం ఆఫీసు బెంచీ నిండా జనం. శేరాలి బల్ల ముందు నిలబడ్డాడు. టోపీ తీశాడు, పెట్టుకున్నాడు.

"మిల్లు పని నేను చెయ్యను!" అని అరిచాడు. జనం ఉలిక్కిపడ్డారు. "నడుము బాగాలేదు. పొద్దున్నే డాక్టరుకి చూపించి చీటీ తెచ్చాను. ఆ బొగ్గు యార్డు పనీ చెయ్యను. కనుమ మీద బస్సు రాదు!"

"మెల్లగా చెప్పినా రాసుకుంటాం అన్నయ్యగారూ" అంది సుయుమ్‌కాన్, ముఖంలో నవ్వు కనిపించనివ్వకుండా. రాసింది. పేరు నిలిచింది. బెంచీ మీంచి ఒమూర్జాక్ ఒక్క గెంతున లేచి, శేరాలి చెయ్యి పట్టుకుని ఊపాడు. నడుం దాకా కలుక్కుమంది.

ఆవులు ఈనాయి. ఫ్యాక్టరీ తలుపులు తెరుచుకున్నాయి. ఒకరోజు సుయుమ్‌కాన్ చూడ్డానికి వచ్చింది. శేరాలి నేలమాళిగలో ఒక దిమ్మని తట్టి, చెవి పెట్టి విని, మందంగా ఒక ముక్క కోసి ఇచ్చాడు. ఇంకోటి. మరోటి. ఆవిడ బుగ్గలు ఉబ్బిపోయాయి.

"చాలా చెల్లెమ్మగారూ? కాదనాలంటే కారణం చెప్పాలి."

ఆవిడ నమలడం ఆపి ఆలోచించింది. మెళ్ళో రుమాలు విప్పి ఒళ్ళో పరిచింది.

"కారణమేమీ లేదు" అంది. "కొయ్యండి."