నోట రాని పేరు

ఇబాన్ తెగవాళ్ళు ఊరంతా ఒకే కప్పు కింద, కుటుంబానికో గదిగా ఉండే పొడుగింటి పెద్ద చనిపోయాడు. ఆ స్థానానికి ఇద్దరు నిలబడ్డారు. ఒకరు ఇల్లరికం వచ్చిన రెంగ్గికి మామగారు. రెండోవాడు ఉంగ్గాంగ్, నవ్వుతూనే మనిషిని ఏట్లోకి తోసే రకం.

అందరూ వసారాలో చాపల మీద సర్దుకున్నాక ఉంగ్గాంగే నియమం పెట్టాడు. వేలితో చూపిస్తే కుదరదు. పోయినసారి ఒకడు చెయ్యి చాపితే ఎదురుగా ఉన్న ముగ్గురూ "నన్నే" అన్నారు. గుణాలు చెప్పినా కుదరదు. "మంచి వేటగాడికి" అంటే సగం ఇల్లు లేచి నిలబడింది. కాబట్టి తమకు కావలసినవాళ్ళ పేరు నోటితో పలకాలి. సమానంగా వస్తే వయసులో పెద్దవాడికి పదవి. పెద్దవాడు ఉంగ్గాంగే.

న్యాయంగానే ఉందని అందరూ తలూపారు. రెంగ్గి మాత్రం ఇరుక్కుపోయాడు. ఇబాన్ అల్లుడు అత్తమామల పేరు పలికితే పొట్ట ఉబ్బి చస్తాడు. పలక్కపోతే, ఓటు వృథా చేసిన ఇల్లరికపు అల్లుడికి మామగారి గదిలో చోటుండదు.

ఓట్లు సమానంగా వచ్చాయి. మిగిలింది రెంగ్గి ఒక్కడే.

"మా ఆవిడ తండ్రికి" అన్నాడు.

"అది పేరా అల్లుడూ? ఏ తల్లి పెట్టిందిరా దాన్ని?" అన్నాడు ఉంగ్గాంగ్.

వసారా ఘొల్లుమంది. మామగారి చూపులు వీపుకి గుచ్చుకుంటున్నాయి. రెంగ్గి లేచి మొదటి గుమ్మం దగ్గరికి నడిచాడు. "జలాక్ కాదు. లూలోంగ్ కాదు" అంటూ గుమ్మం గుమ్మానికీ ఆగి, ఉయ్యాల్లో పిల్లలతో సహా అందరి పేర్లూ పలికాడు. ఉంగ్గాంగ్ ముందు ఆగి "ఉంగ్గాంగ్ అసలే కాదు" అన్నాడు. చివరికి తన పేరు కూడా కొట్టేసి, "మిగిలినవాళ్ళకే నా ఓటు" అన్నాడు.

మామగారు మీసం దువ్వారు. ఉంగ్గాంగ్ వేళ్ళు మడిచి లెక్కపెట్టాడు.

"మిగిలింది ఒకరు కాదురా, ఇద్దరు. మీ అత్త పేరూ నువ్వు పలకలేదు. ఇంతకీ ఎవరికి వేసినట్టు?"

తలలన్నీ మూలకి తిరిగాయి. అక్కడ అత్తగారు బియ్యపు కల్లు వడకడుతున్నారు. ఆవిడ గరిటె కూడా దించలేదు.

"నాకే. ఇంకెవరికి?"

నవ్వులు చెలరేగాయి, ఉన్నట్టుండి ఆగిపోయాయి. ముసలి లూలోంగ్ తన ఓటు మార్చుకుంటానంది, అత్తగారి పేరు గట్టిగా పలికింది. కల్లు పంచేదాకా మాట మార్చుకోవచ్చన్నది ఆ ఇంటి ఆచారం. ఇంకొకరు పలికారు. తర్వాత ఉంగ్గాంగ్ సొంత పెళ్ళామే పలికింది. అతను అడ్డం పడబోయాడు.

"పేరు పలకమన్నది నువ్వేగా బావా" అన్నారు అత్తగారు.

మామగారు ఉంగ్గాంగ్ వైపు చూశారు, భార్య వైపు చూశారు. ఏది తక్కువ నష్టమో తేల్చుకుని, ఆవిడ పేరే పలికారు. దాంతో పదవి ఆవిడదైంది.

కల్లు పంచుతున్నప్పుడు మామగారు అల్లుణ్ణి పక్కకి లాగారు. "నిజం చెప్పు. నువ్వు మనసులో అనుకున్నది ఎవర్ని?"

రెంగ్గి ఓరగా చూశాడు. అత్తగారు గరిటె పట్టుకుని సరిగ్గా వెనకే నిలబడి ఉన్నారు.

"ఇప్పుడు ఎవరు పెద్దో వాళ్ళనే, మామా."