కొట్టెయ్యని మాట

నాకు ఇంగ్లీషు బాగా వచ్చని మా ఫ్యాక్టరీలో అందరికీ తెలుసు. తెలియనివాళ్లుంటే నేనే చెప్పేవాణ్ణి. అచ్యుతాపురంలో మందుల పొడులు తయారుచేసే కంపెనీ మాది. ఏ పని మొదలుపెట్టాలన్నా ముందు పర్మిట్ కాగితం రాయాలి. పదకొండేళ్లుగా ఆ కాగితాలు రాసేది నేను, గురునాథరావుని.

ఆ కాగితం నిండా జంట మాటలే. ఒక చోట 'ఎంప్టీ' అని, పక్కనే 'గ్యాస్ ఫ్రీ' అని ఉంటుంది. మొదటిది ట్యాంకులో సరుకు ఖాళీ చేశారా అని. రెండోది లోపలి గ్యాసు పోయిందో లేదో మీటరు పెట్టి చూశారా అని. వీటిలో ఏది జరగలేదో ఆ మాటను పెన్నుతో కొట్టెయ్యాలని కాగితం అడుగున కంటికి ఆనని అక్షరాల్లో రాసి ఉంటుంది. ఎవడు కొట్టేస్తాడు? పొద్దున్న పది కాకముందే ముప్పై పర్మిట్లు రాయాలి. జంట మీద ఒక టిక్కు, కింద ఒక సంతకం, తర్వాతివాడు రా. నాకు ముందు పనిచేసినాయనా అంతే, పక్క కంపెనీవాళ్లూ అంతే.

పైడయ్య ఒక్కడే నస పెట్టేవాడు. సబ్బవరం నుంచి వచ్చేవాడు, ట్యాంకుల్లో దిగి కడిగే కాంట్రాక్టు మనిషి. చుట్టరికం ఏమీ లేదు, అయినా మొదటిరోజు నుంచీ నన్ను బావా అనే పిలిచేవాడు. చదువు రాదు. కాగితం పట్టుకుని నా కుర్చీ పక్కన నిలబడి, "బావా, ఏటి రాసినావు? ఈ రొండిట్లో ఏది అయినట్టు?" అని రోజూ అడిగేవాడు.

ఒకరోజు చిరాకేసింది. "కొట్టేసుంటే ఆ పని అవనట్టు. కొట్టేసి లేకపోతే రెండూ అయినట్టే. ఇంక నా బుర్ర తినకురా" అన్నాను.

"అంతేనా బావా! ఇన్నాళ్లూ సెప్పలేదేటి?" అని సంబరపడిపోయాడు. ఆ రోజు నుంచి అడగడం మానేశాడు. కాగితం తీసుకోవడం, ఆ రెండు మాటల మీద గీత ఉందో లేదో వేలితో తడుముకోవడం, వెళ్లిపోవడం. పీడ విరగడైందని నేను హాయిగా ఊపిరి పీల్చుకున్నాను.

కిందటి నెలలో ఒక గురువారం నాలుగో నంబరు ట్యాంకు కడగాలన్నారు. ట్యాంకు ఖాళీ చేసిన మాట నిజం. గ్యాసు చూసే మీటరు మాత్రం రిపేరుకి వెళ్లింది. వచ్చాక చూద్దాంలే అనుకుంటూ అలవాటు ప్రకారం జంట మీద టిక్కు పెట్టేశాను. పైడయ్య తడుముకుని చూసుకున్నాడు. చొక్కా విప్పి నిచ్చెనకి తగిలించి లోపలికి దిగాడు. పైకి తీసేసరికి ప్రాణం లేదు.

ఆ మధ్యాహ్నమే మేనేజరు అర్జునరావు గారు నన్ను గదిలోకి పిలిచి తలుపు వేశారు. పర్మిట్‌కి రెండు ప్రతులుంటాయి. తెల్లది పనిచేసేవాడి దగ్గర, కార్బన్ కింద పడిన పచ్చది ఆఫీసులో. "తెల్లది దొరకలేదయ్యా. తడిసి పోయుంటాది. పచ్చదాని మీద గ్యాస్ ఫ్రీ కొట్టేసుంటే నీకూ బాధ ఉండదు, కంపెనీకీ ఉండదు" అన్నారు. నేను కాదనలేదు. ఎందుకనలేదని అడిగితే భయమేసింది, అంతే. పచ్చ కాగితం మీద కార్బన్ వేసి, స్కేలు పెట్టి గీత గీశాను. దాంతో తప్పు చచ్చిపోయినవాడి మీదికి పోయింది. కాగితంలో వద్దని ఉన్నా చూసుకోకుండా దిగాడని రిపోర్టు తయారైంది.

ఆ తర్వాతి మంగళవారం పొద్దున్న పర్మిట్లు రాస్తున్నాను. కుర్చీ పక్క నుంచి "బావా, ఏది?" అని వినబడింది.

తిరిగి చూశాను. ఎవరూ లేరు. కింద నేల మీద తడి బూట్ల అచ్చులు రెండున్నాయి, అతను నిలబడే చోటే. తుడిచే జోగమ్మని పిలిచి చూపించాను. "నీల్లేటీ నేవు బాబూ, ఎండిపోయే ఉంది" అని ఆమె నా ముఖంలోకి వింతగా చూసింది. నాకు కనబడుతూనే ఉన్నాయి. బుధవారమూ వచ్చాడు. గురువారం వెనకాల నుంచి వేలు చాపి కాగితం మీద పెట్టాడు. గోళ్లు పాలిపోయి ఉన్నాయి. పెన్ను జారవిడిచాను.

ఇంక ఎక్కడ రెండు మాటలు పక్కపక్కన కనబడినా నా చెయ్యి ఆగేది కాదు. క్యాంటీన్ బోర్డు మీద టీ, కాఫీ అని ఉంటే ఒకటి కొట్టేశాను. బ్యాంకు ఫారం, బస్సు టిక్కెట్టు, పెళ్లి శుభలేఖ మీద పెళ్లికూతురి ఇంటిపేరు, ఏదీ వదల్లేదు. మా ఆవిడ ధనలక్ష్మి ఆ శుభలేఖ నా చేతిలోంచి లాక్కుని, "ఏటయిపోయింది మీకు? ఈల్ల మీద ఏటి కక్ష?" అని ఏడ్చింది. చెప్పాలనిపించింది. పెన్ను జేబులో పెట్టేసుకుని బయటికి వెళ్లిపోయాను.

సోమవారం ప్రభుత్వ ఆఫీసరు ఎంక్వయిరీ అనగా ఆదివారం మధ్యాహ్నం గాజువాకలో మా ఇంటికి పోతమ్మ వచ్చింది, పైడయ్య భార్య. వెంట కూతురు జ్యోతిర్మయి, పదో తరగతి పిల్ల. పోతమ్మ కొంగులోంచి నాలుగు మడతల తెల్ల కాగితం తీసింది. కంపెనీవాళ్లు తిరిగిచ్చిన చొక్కా ఉతకబోతే జేబులో దొరికిందట.

"అన్నయ్యా, మా ఆయన సూసుకోకుండా దిగిపోనాడంతన్నారు. ఆయన సూసుకోడా? ఇంటికాడ గూడా సెప్పీవోడు. కొట్టీకపోతే రొండూ అయినట్టే, గురునాథం బావ సెప్పినాడు అని" అంది.

పిల్ల కాగితం విప్పి నా ముందు పెట్టింది. "మామయ్యా, ఎంప్టీ అనుంది, గ్యాస్ ఫ్రీ అనీ ఉంది. రెండూ చదివాను. రెండిటికీ కలిపి ఒకటే టిక్కుంది. మీరు రాసింది వీటిలో ఏది?"

అదే కాగితం. కింద గొలుసుకట్టు రాతలో గొప్పగా నా సంతకం. ఆ పిల్ల తండ్రిలాగే నా కుర్చీకి కుడిపక్కన నిలబడింది. కాగితం చింపెయ్యొచ్చు. నీకు తెలియదులే అమ్మా అని ఇంగ్లీషులో ఏదో చెప్పి పంపెయ్యొచ్చు. అవి రెండూ నాకు తోచాయని ఒప్పుకుంటున్నాను. వంటింటి గుమ్మంలో ధనలక్ష్మి నిలబడి నన్నే చూస్తోంది.

"నాకే తెలీదమ్మా," అన్నాను. "ఏదని ఆలోచించి రాయలేదు."

పోతమ్మ అరవలేదు. అరిస్తే నాకు తేలికయ్యేది. కాగితం మళ్లీ నాలుగు మడతలు పెట్టి కొంగులో దాచుకుని, "అయితే ఆ మాట రాసియ్యి అన్నయ్యా. రేపు ఆఫీసరుకిస్తాను. నీకు ఇంగిలీసు బాగా వచ్చంట గదా" అంది.

తెల్ల కాగితాలు తెచ్చుకుని కూర్చున్నాను. అంత చిన్న వాక్యాలు నా జన్మలో రాయలేదు. ట్యాంకు ఖాళీ చేశాం. గ్యాసు చూడలేదు. మీటరు లేదు. నేను టిక్కు పెట్టాను. రెండో మాట కొట్టెయ్యలేదు. కొట్టెయ్యకపోతే రెండూ అయినట్టేనని పైడయ్యకు చెప్పింది నేను. అతను చనిపోయాక పచ్చ కాగితం మీద గీత గీసింది నేను. గీయమన్నది మేనేజరు. వాక్యానికి ఒక మనిషి, ఒక పని. ఉద్యోగం పోతుంది, జైలు కూడా పడొచ్చు. గుమ్మంలో ఉన్న ధనలక్ష్మికి అది నాకంటే ముందే అర్థమైంది. చెంగు నోటికి అడ్డం పెట్టుకుంది, ఆపమని మాత్రం అనలేదు.

రాసిందంతా తెలుగులో చదివి వినిపించాను. జ్యోతిర్మయి పక్క నుంచి ఇంగ్లీషు చూసుకుంటూ, నేను చెప్పింది అక్కడ ఉందో లేదో వరస వరసా సరిపోల్చుకుంది. చివర్న తల్లికేసి చూసి తలూపింది.

పోతమ్మ కాగితం అందుకోలేదు.

"ఇంకో ముక్క ఉండిపోయింది అన్నయ్యా."

"ఏంటది?"

"ఆయన నిన్ను నమ్మినాడు. అది రాసినావా?"

"రాయలేదు."

"రాయి."

ఇంగ్లీషులో అది మూడే మాటలు. అక్షరాలు తప్పి రెండు కాగితాలు పాడయ్యాయి. మూడోదాని మీద, పిల్ల చూస్తుండగా, రాశాను.