సోములమ్మ వాటా

ఖాళీ బిళ్లల స్ట్రిప్పు పొయ్యిగట్టు మీద కనిపించగానే నర్సు సుజానా దాన్ని గబుక్కున తీసి చూసింది. మొన్న పొద్దున్న తన చేత్తోనే ఇచ్చింది. సోములమ్మకి జ్వరం, ఒంటేలుకి మంట. డెబ్బై ఏళ్ల మనిషి, కిడ్నీలు అంతంతమాత్రం. అందుకే డాక్టరుగారు తక్కువ డోసు రాశారు. సిప్రోఫ్లాక్సాసిన్ రెండువందల యాభై, పొద్దున ఒకటి, సాయంత్రం ఒకటి, ఐదు రోజులు. మొత్తం పది బిళ్లలు. రెండు రోజుల్లో పదీ ఎలా అయిపోతాయి?

"మామ్మా, బిళ్లలేవి?"

గొంగడి కప్పుకుని గోడకి ఆనుకున్న ముసలావిడ నవ్వింది. "అందరం తిన్నాం సిస్టరమ్మా."

సుజానాకి తన మీద తనకే ఒళ్లు మండింది. పదేళ్లుగా ఈ కొండలెక్కుతోంది. కొత్త సామలు వండినా, తేనెపట్టు దింపినా, సంత నుంచి గుప్పెడు బెల్లం తెచ్చినా ఈ ఇంట్లో ఒక్కరే తినరు. ఒంటరిగా తిన్నది ఒంటికి పట్టదంటారు. ఇదంతా తెలిసీ, "నీకొక్కదానికే" అన్న ఒక్క మాట చెప్పకుండా దిగిపోయింది. చేతులు కాలాక ఆకులు పట్టుకుని ఏం లాభం?

"గుంట కూడా తిన్నదా?" అని కోడలు బేబిని అడిగింది. మూలన చాప మీద ఐదేళ్ల మనవరాలు జీవిత వడిలిపోయి పడుకుంది.

"తిన్నాది. మొన్నటికాడ నుంచి విరేసనాలు. బక్కపేనం, బలం రావాలని అత్తే ఎక్కువేసింది. పూటకొకటి, నాలుగు."

సుజానా పిల్లని లేపింది. కళ్లు తెరిచింది కానీ నోరు పిడచకట్టుకుపోయింది. సుజానా ఫోను పట్టుకుని, ఇంటి ముందు సిగ్నల్ దొరికే బండ మీదికి పరుగెత్తింది.

"పిల్ల బరువెంత?" డాక్టరు ధనరాజు గొంతు తెగి తెగి వినిపించింది.

"పోయిన వారమే తూచాను సార్. పద్నాలుగు కిలోలు."

"ఆ బరువుకి విషం కాదులే. కానీ పిల్లలకి తోచినట్టు వేసే మందు కాదది. అవసరమైతే మేమే కిలోల లెక్కన వేస్తాం. ఇంకొక్కటి కూడా వెయ్యనివ్వకు. ఓఆర్ఎస్ పట్టించు, కీళ్ల నొప్పులున్నాయేమో చూడు. ఇంతకీ ముసలావిడ ఎన్ని తింది?"

సుజానా బండ మీద నుంచే కేకేసింది. "బేబీ! నువ్వెన్ని తిన్నావు?"

"మూడు!"

"పోతురాజు?"

"మా ఆయనకీ మూడే!"

నాలుగు, మూడు, మూడు. సుజానా వేళ్ల మీద మళ్లీ లెక్కపెట్టింది. వాటాలు పంచిన మనిషికి వాటా మిగల్లేదు.

"ఒక్కటీ తినలేదు సార్. గొంగడి కప్పుకుని..." అంటూండగానే మాట ఆగిపోయింది. వేసవి మిట్టమధ్యాహ్నం గొంగడి ఎవరు కప్పుకుంటారు? పిల్లని చూసిన కంగారులో ముసలావిడ వణుకు తన కంటికి ఆనలేదు.

"చలిజ్వరమా? ఒంటేలు ఇన్ఫెక్షన్ కిడ్నీకి పాకిందేమో. ఆయాసానికి స్టీరాయిడ్ బిళ్లలేవైనా వాడుతోందా? వాటితో కలిస్తే ముసలివాళ్లకి మడమ నరం తెగే ప్రమాదముంది."

"లేదు సార్."

"అయితే అదే డోసు ఒకటి ఇప్పుడే మింగించి, ఇద్దర్నీ దింపండి. అంబులెన్సు రోడ్డు దగ్గరుంటుంది."

బేబి డోలీ కోసం పక్కింటివాళ్లని కేకేసి, పిల్లకి ఓఆర్ఎస్ పట్టించసాగింది. సుజానా సంచిలోంచి బిళ్ల తీసి సోములమ్మ చేతిలో పెట్టింది. ఒళ్లు పెనంలా కాలుతోంది. ముసలావిడ బిళ్లని గోరుతో నడిమికి నొక్కింది.

"సగం గుంటకి."

"వద్దు మామ్మా! దానికి మంచిది కాదు. నువ్వొక్కదానివే తినాల. లేకపోతే మాకు దక్కవు."

సోములమ్మ బిళ్ల మీంచి గోరు తీసింది. తర్వాత మనవరాలి వైపు చూసింది.

"గుంటని బయటికి తీసుకెల్లు బేబీ. అది సూత్తంటే నాను తిన్లేను."

బేబి పిల్లని ఎత్తుకుని వసారాలోకి వెళ్లింది. సోములమ్మ గోడవైపు తిరిగింది. కొంగు మొహం మీదికి లాక్కుని, దొంగతనం చేస్తున్నదానిలా ఆ ఒక్క బిళ్లా మింగింది.